కృష్ణమ్మ పుట్టింటి పెరటి సముద్రం: కొంకణ తీరంలో పట్టీకి ఎక్కని సంతోషాలు

దివిసీమ | మార్చి 22, రాత్రి 9:10

మా ఊరి నుంచి హంసలదీవి దగ్గరే. కృష్ణ సముద్రంలో కలిసే చోటును చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి కనుక, సముద్రం సంగతి నాకు ఒకరు చెప్పనక్కరలేదన్న ధీమా ఉండేది. మొన్న ఫిబ్రవరిలో మా ఇంటావిడ, మా మేనత్త, నేను పుణె మీదుగా మహాబలేశ్వరం వెళ్ళి, అక్కడి నుంచి ఘాటు రోడ్డున దిగి, హరిహరేశ్వర్ మొదలు రత్నగిరి వరకు కొంకణ తీరం వెంట ఆరు రోజులు తిరిగి వచ్చాక ఆ ధీమా కొంచెం సడలింది.

అందరిలాగే నేనూ చూడవలసినవాటి పట్టీ ఒకటి రాసుకుని వెళ్ళాను. సువర్ణదుర్గం, అంజర్లె కొండ మీది వినాయకుడు, గుహాగర్ వ్యాడేశ్వరుడు, గణపతిపులె, రత్నగిరిలో థీబా రాజభవనం, ఇలా వేటినీ వదలకుండా టిక్కులు పెట్టుకుంటూ తిరిగాము. అన్నీ బాగున్నాయి. అయితే నెల దాటిన తరువాత ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందుగా వచ్చేది వాటిలో ఒక్కటీ కాదు, బాగ్‌మాండ్లా రేవులో మేము ఎక్కిన ఇనుప బల్లకట్టు.

సంగతి కొంచెం వెనక నుంచి చెప్పాలి. పాత మహాబలేశ్వరంలో పంచగంగ ఆలయం ఉంది. కృష్ణ, వేణ్ణ, కోయన, సావిత్రి, గాయత్రి అనే అయిదు నదుల నీరు అక్కడ రాతి గోముఖం గుండా పడుతూ ఉంటుంది. మా మేనత్త ఆ నీళ్ళు ఒక సీసాలో పట్టుకుంది. ఆ చోటికి అరేబియా సముద్రం అరవై నాలుగు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, కృష్ణ దానివైపు వీపు తిప్పి, దాదాపు 1400 కిలోమీటర్లు తూర్పుకు నడిచి మా ఊరి దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. ఇది బడిలో చదువుకున్న లెక్కే. కానీ మరునాడు కారుతో సహా బల్లకట్టు ఎక్కి, ఈ నది పేరేమిటని మేనత్త అడిగినప్పుడు, పక్కన మోటారు సైకిలు మీద కూర్చున్న కుర్రవాడు “సావిత్రి” అన్నాడు. నిన్న గోముఖంలో కృష్ణతో కలిసి పడిన సావిత్రే ఇది, వంద కిలోమీటర్ల చిల్లర నడకతోనే ఇక్కడ సముద్రానికి చేరిపోయింది. మేనత్త కాసేపు నీళ్ళ వంక చూసి, “ఈ పిల్లకు ఊళ్ళోనే సంబంధం చేశారు, మన పిల్లను దూరం ఇచ్చారు” అంది.

పావుగంట ప్రయాణం అది. ఒకవైపు కొండలు, ఒకవైపు విచ్చుకున్న నదీముఖం, మధ్యలో డీజిలు వాసన. ఏ పర్యాటక పుస్తకమూ దాన్ని చూడదగ్గ స్థలమని రాయదు. మీలో ఎవరైనా ఆ తీరానికి వెళ్ళి ఉంటే, పట్టీలో లేనిది ఏది మీ వెంట ఇంటికి వచ్చిందో రాయండి. బసల వివరాలు, ప్యాకేజీల ధరలు ఈ చర్చలో వద్దని మనవి.


గోదారి గట్టు | మార్చి 22, రాత్రి 10:02

దివిసీమ గారూ, మీరు బల్లకట్టు అన్నదాన్ని మేము పంటు అంటాము. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద పెళ్ళివారిని, బర్రెలను, వరి కోత యంత్రాలను దాటించడం చూస్తూ పెరిగాను కనుక, దాభోళ్ దగ్గర వాసిష్ఠి నది దాటడానికి పంటు ఎక్కాలని తెలిసినప్పుడు నాకు ఏమంత ఉత్సాహం కలగలేదు. అక్కడ దాన్ని జంగల్ జెట్టీ అంటున్నారు. పేరు వినగానే అడవిలో ఏదో రేవు కాబోలనుకున్నాను.

ధోపావె వైపు నుంచి ఎక్కాము. మన పంటుకూ దానికీ తేడా దిగేటప్పుడు తెలిసింది. దాని ముందు తలుపు గొలుసుల మీద కిందికి వాలి ఒడ్డున ఉన్న సిమెంటు వాలు మీద కూర్చుంటుంది. పోటు మీద ఉన్నప్పుడు ఆ వాలు పైభాగాన, నీరు తీసినప్పుడు బాగా కిందన ఆనుతుంది. కింద ఆనినప్పుడు నాచు పట్టిన సిమెంటు బయట పడుతుంది, బండ్లు జారతాయి. అందుకని తాడు పట్టుకునే మనిషి ముందుగా దిగి, చెప్పులు విడిచి, అరికాలితో ఆ నాచును రుద్ది చూసి, తరువాతనే మొదటి బండికి చెయ్యి ఊపాడు. రోజుకు ఎన్నిసార్లు ఆ పని చేస్తాడో తెలియదు గానీ, మా వదినగారు గుడిమెట్టును మొక్కినంత శ్రద్ధ ఉంది ఆ కాలిలో.

గోదావరి మీద పంటు ఎక్కితే రెండు గట్లూ కనిపిస్తూ ఉంటాయి, మనం ఎక్కడికి పోతున్నామో సందేహం ఉండదు. అక్కడ నడిమధ్యకు వచ్చి పడమటికి తిరిగితే గట్టు అనేదే లేదు. నాకు కాస్త భయం వేసిన మాట నిజం, ఆ భయం బాగున్న మాటా నిజమే.


లెక్కల మాస్టారు | మార్చి 23, ఉదయం 6:40

ముప్పై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రమూ లెక్కలూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి, పైగా విశాఖ వాసిని. మన తీరంలో పుట్టినవారికి సముద్రమంటే సూర్యుడు పుట్టే చోటు. నీటిలోకి దిగిపోయే సూర్యుణ్ణి నేను అరవై రెండో ఏట గుహాగర్ ఒడ్డున మొదటిసారి చూశాను. చూస్తూ రెండు విషయాలు పరీక్షించాను, అవి ఇక్కడ పనికివస్తాయని రాస్తున్నాను.

మొదటిది. బింబం నీటిని సమీపిస్తున్నకొద్దీ నిలువున కుంచించుకుపోయి, పెనం మీద వేసిన అప్పచ్చిలాగా అడ్డంగా చదునవుతుంది. గాలిపొరలు కాంతిని వంచుతాయి. కింది అంచు నుంచి వచ్చే కాంతి ఎక్కువగా, పై అంచు నుంచి వచ్చేది కొంచెం తక్కువగా వంగుతుంది కనుక కింది అంచు పైకి నెట్టబడినట్టు కనిపిస్తుంది. ఆ వంపు ఎంతటిదంటే, బింబం నీటిని తాకినట్టు మన కంటికి కనిపించే క్షణానికి అసలు సూర్యుడు దిగంతం కిందికి జారిపోయే ఉంటాడు. అక్కడి నుంచి మనం చూసే ఆ రెండు నిమిషాల చిల్లర అంతా లేని సూర్యుణ్ణే.

రెండవది అసలు సరదా. ఒకే సాయంత్రం సూర్యాస్తమయాన్ని రెండుసార్లు చూడవచ్చు. ఇసుకలో వెల్లకిలా కాకుండా బోర్లా పడుకుని, గడ్డం దాదాపు నేలకు ఆనించి చూడాలి. చివరి ఎర్రని గీత మాయమైన మరుక్షణం చటాలున లేచి నిలబడాలి. కన్ను ఎత్తు పెరిగేసరికి దిగంతం కొంచెం కిందికి జరుగుతుంది, ఎర్రని గీత మళ్ళీ కనిపిస్తుంది, అయిదు క్షణాలు ఉండి రెండోసారి మునుగుతుంది. దిగంతాన మసక లేని రోజు కావాలి. నాకు మొదటి రెండు సాయంత్రాలు మసక అడ్డుపడింది, మూడో రోజు కుదిరింది. లేవడం ఆలస్యమైతే ప్రయోగం విఫలమవుతుంది, మోకాళ్ళ నొప్పులవారు ముందుగా ఆలోచించుకోవాలి.

చుట్టుపక్కల ఫోటోలు తీసుకుంటున్నవారు, బోర్లా పడుకుని ఉన్నట్టుండి లేచిన ముసలాయనకు ఏమయిందోనని పరుగెత్తుకు వచ్చారు. విషయం చెప్పాను. మరునాడు సాయంత్రం నా పక్కన పదకొండు మంది బోర్లా పడుకున్నారు.


దివిసీమ | మార్చి 23, ఉదయం 7:15

మాస్టారూ, ఈ ముక్క రెండు నెలల ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మా మేనత్త బోర్లా పడుకుంటే లేపడానికి ఇద్దరు కావాలి కనుక ఆమెను ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టి నేనే చేసేవాణ్ణి.


ఒడ్డున ఒక్కడు | మార్చి 23, ఉదయం 9:30

నాది కొంచెం ఎదురు మాట. పైన రాసినవన్నీ మన ఒడ్డున లేనివా? పంటు మనకు ఉంది. నదీముఖాలు వారికన్నా మనకే పెద్దవి ఉన్నాయి. మాస్టారి ప్రయోగాన్ని భీమిలిలో తెల్లవారుజామున తిరగేసి చేయవచ్చు కదా, నిలబడి మొదటి రేక చూసిన వెంటనే కూలబడితే సూర్యుడు మళ్ళీ మునిగి రెండోసారి ఉదయిస్తాడు. సూర్యలంకకు ఎన్నిసార్లు వెళ్ళారో, వెళ్ళినప్పుడు ఇసుక వంక ఎంతసేపు చూశారో ఎవరికి వారు లెక్క చెప్పుకోవాలి. పరాయి ఊరికి డబ్బు పెట్టి వెళ్ళాము కనుక ప్రతిదీ వింతగా తోస్తుంది, అంతకుమించి అక్కడి సముద్రానికి ప్రత్యేకత ఏమీ లేదని నా అభిప్రాయం.


లెక్కల మాస్టారు | మార్చి 23, ఉదయం 10:05

తిరగేసిన ప్రయోగం సరైనదే. విశాఖలో ఉండి నాకు తట్టనందుకు సిగ్గుపడుతున్నాను. రేపే చేస్తాను.


ఠాణే తెలుగు | మార్చి 23, మధ్యాహ్నం 1:20

ఒడ్డున ఒక్కడు గారి మాటలో సగం నిజం ఉంది, సగం లేదు. ఇరవై రెండేళ్ళుగా ఠాణేలో ఉంటూ ఏడాదికి రెండుసార్లయినా ఆ తీరానికి పోయివచ్చేవాణ్ణి, ఆ సముద్రానికి ఉన్న ప్రత్యేకత ఏమిటో చెబుతాను. అది ఒడ్డు వదిలి పోతుంది.

మన తూర్పు తీరంలో అమావాస్యకూ పున్నమికీ కూడా ఆటుకూ పోటుకూ నీటిమట్టంలో తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల మనవాళ్ళు, జాలర్లు తప్ప, ఆ తేడాను పట్టించుకోరు. పడమటి తీరాన ఉత్తరానికి పోయినకొద్దీ సముద్రగర్భపు మెట్ట వెడల్పవుతుంది, పైన ఖంభాత్ సింధుశాఖ గరాటులాగా ఇరుకవుతుంది, ఆ రెండింటి వల్ల పోటు ఎత్తు పెరుగుతుంది. బాంకోట్, హర్ణై ప్రాంతంలో తేడా మూడు మీటర్ల దాకా ఉంటుంది, ముంబయిలో నాలుగు దాటుతుంది, ఖంభాత్‌లో పది మీటర్ల వరకు పోతుంది. ఒడ్డు చదునుగా ఉన్నచోట మూడు మీటర్ల నీరు దిగిందంటే పొద్దున మీరు స్నానం చేసిన చోటు మధ్యాహ్నానికి క్రికెట్ మైదానం అవుతుంది. వాళ్ళు దాన్ని ఓహోటీ అంటారు, పోటును భర్తీ అంటారు. ఆ రెండు మాటలూ నేర్చుకోకుండా ఆ తీరానికి పోకూడదు.

నేర్చుకోకుండానే పోయినవాణ్ణి నేను. మొదటి ఏడాది, కెళ్శీకి అటువైపు తడి ఇసుక సిమెంటులాగా గట్టిగా ఉంటే మురిసిపోయి కారు దింపాను. వెనక చక్రాలు కూరుకుపోయాయి. సాయంత్రం నాలుగు గంటలు. సరుగుడు తోటలో ఆకులు ఊడుస్తున్న పెద్దాయన ఒకరు వచ్చి, కారు వంక చూడకుండా నీటి వంక చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, “దీడ్ తాస్” అన్నారు. గంటన్నర అని అర్థం. ఆ గంటన్నరలో ఊళ్ళోంచి ఎడ్ల జతను తోలుకువచ్చి, కారును లాగించి, ఇచ్చిన డబ్బులో సగం వెనక్కి ఇచ్చి, వాళ్ళింట టీ తాగించి పంపారు. టీ తాగి తిరిగి చూస్తే నా కారు ఉన్నచోట మోకాటి లోతు నీళ్ళున్నాయి. దయచేసి ఎవరూ ఒడ్డు మీదికి కార్లు దింపకండి, అది కారుకే కాదు, ఇసుకలో ఉండే జీవులకు కూడా చేటు.

ఆ జీవుల సంగతి మా అమ్మాయి చెప్పాలి, కానీ తను తెలుగు రాయలేదు కనుక నేనే రాస్తాను. నీరు తీసిన తరువాత తడి ఇసుక మీద ఆవాలంత, మినపగింజలంత ఇసుక ఉండలు వేలకొద్దీ కనిపిస్తాయి, దగ్గరికి పోయి చూస్తే అవి చిందరవందరగా లేవు, ఒక చిన్న కన్నం చుట్టూ సూర్యకిరణాల మాదిరి బారులు తీరి ఉంటాయి. గోరంత పీత ఒకటి కన్నంలోంచి బయటికి వచ్చి, ఇసుకను డెక్కలతో నోటికి అందించుకుని, అందులోని తిండిని జల్లించి, మిగిలిన ఇసుకను ఉండ చేసి కాళ్ళ మధ్యగా వెనక్కి నెడుతుంది. ఒక బారు పూర్తయ్యాక కన్నం దగ్గరికి వచ్చి పక్క బారు మొదలు పెడుతుంది. మీ అడుగు చప్పుడైతే మాయం. కదలకుండా ఉంటే మళ్ళీ వస్తుంది. మా అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు ఒక పీత దగ్గర గంటకు పైగా కదలకుండా కూర్చుంది. ఇంట్లో అన్నం పళ్ళెం ముందు అయిదు నిమిషాలు కూర్చునేది కాదు.

పోటు వచ్చి ఆ ముగ్గులన్నీ చెరిపేస్తుంది. ఆరుగంటల చిల్లర తరువాత మళ్ళీ మొదలు. పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, నిన్న చూసిన వేళకే ఈరోజు వెళితే కుదరదని కూడా మరవకండి.


వంటింటి వసారా | మార్చి 23, సాయంత్రం 5:48

అందరూ నీళ్ళ గురించే రాస్తున్నారు, గ్లాసులోని సంగతి ఎవరూ ఎత్తలేదు. గణపతిపులె దగ్గర ఒక ఇంటివారి భోజనశాలలో అన్నంతోపాటు లేత గులాబిరంగు చారు ఒకటి పోశారు. రోజ్‌మిల్క్ అనుకుని తీపి కోసం నోట్లో పోసుకున్నాను. పులుపు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొబ్బరి అన్నీ ఒక్కసారి తగిలాయి. ఒక్క క్షణం మొహం ముడుచుకుని, రెండో గుక్కకు సర్దుకుని, మూడోసారి అడిగి పోయించుకున్నాను. సోల్‌కఢీ అంటారు.

కోకం పండు తొక్కలకు ఉప్పు పట్టించి ఎండబెడితే వచ్చేది ఆమ్‌సూల్. మనం చింతపండు వాడేచోట వారు చాలావరకు దీన్ని వాడతారు. నేను ఒక కిలో కొని గుంటూరు తెచ్చి మొదటిసారి చేసినప్పుడు, మన అలవాటు చొప్పున పొయ్యి మీద పెట్టి తిరగమోత వేశాను. కొబ్బరిపాలు విరిగి నూనె ఒకవైపు, నీళ్ళు ఒకవైపు తేలాయి, మా అత్తగారు చూసి ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ. తరువాత తెలిసింది, దానికి పొయ్యే అక్కరలేదు. ఎనిమిది, పది ఆమ్‌సూల్ రెబ్బలను గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టి పిసికి వడకట్టాలి. ఒక కొబ్బరికాయ కోరును రెండు వెల్లుల్లి రేకలు, ఒక పచ్చిమిరపకాయతో రుబ్బి పాలు పిండాలి. రెండూ కలిపి ఉప్పు వేసి కొత్తిమీర చల్లితే అయిపోయింది. రంగు చూసి కోకం నీళ్ళు కలపండి, ముదురు ఊదా వచ్చిందంటే పులుపు మించినట్టే.

అక్కడ ఇంకొకటి నన్ను ఇంటికి తీసుకువచ్చినంత పని చేసింది. రాత్రి భోజనంలో కుళీథ్ పిఠీ అని పెట్టారు. నోట్లో పెట్టగానే తెలిసింది, ఉలవలు! మనం ఉలవలు ఉడికించిన నీటిని గంటలకొద్దీ మరగకాచి చారు చేస్తాము. వారు వేయించిన ఉలవపిండిని కోకం పులుపుతో, వెల్లుల్లితో పది నిమిషాల్లో ఉడికించి అన్నంలో పోసేస్తారు. ఉలవచారు ముందు అది నిలబడదు, ఆ మాట నిర్మొహమాటంగా చెబుతాను. కానీ ఎక్కడో తెలియని ఊళ్ళో, భాష రాని ఇంట్లో, కంచంలో మన ఉలవ పలకరిస్తే కళ్ళు చెమర్చాయి.


ఒడ్డున ఒక్కడు | మార్చి 23, సాయంత్రం 6:30

ఉలవచారు విషయంలో వసారా గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పీతల విషయంలో మాత్రం చెప్పకతప్పదు, ఆ ఇసుక ఉండలు మన వైపు కూడా ఉంటాయి, ఆటు వేళ చూడాలంతే.


భీమిలి వల | మార్చి 23, రాత్రి 8:55

మాది వేటకు పోయే కుటుంబం. నేను చదువుకుని బ్యాంకు ఉద్యోగంలో పడ్డాను గానీ మా నాన్న, చిన్నాన్న ఇప్పటికీ పడవ మీద పోతారు. నాన్నను తీసుకుని హర్ణై వెళ్ళాను. ఎదురుగా నీళ్ళలో సువర్ణదుర్గం ఉంది. మా నాన్న దాని వంక ఒక్కసారి చూసి, “గోడ బాగా కట్టారు” అని, వెనక్కి తిరిగి చేపల పాట జరిగే చోటికి నడిచారు. ఆ సాయంత్రం ఇక కోట మాట లేదు.

అక్కడ పడవలు లోతు నీటిలోనే ఆగుతాయి. ఎడ్లబండ్లు నీళ్ళలోకి దిగి, ఇరుసు మునిగేదాకా పోయి, చేపల గంపలు ఎక్కించుకుని వస్తాయి. ఎడ్లు అలలకు అలవాటు పడిపోయాయి, అల వచ్చినప్పుడు తల కొంచెం ఎత్తి, పోయాక దించుతాయి. ఒడ్డున కుప్పలు పోయగానే పాట మొదలు. మాకు మరాఠీ ఒక్క ముక్క రాదు. అయినా మా నాన్న రెండు కుప్పలు అమ్ముడయ్యేసరికి పాట లెక్క పట్టేశారు. మూడో కుప్ప ఎంతకు పోతుందో నా చెవిలో ముందే చెప్పారు, వంద రూపాయల తేడాతో అంతకే పోయింది. అక్కడున్న ఒక కోళీ (అక్కడి జాలరి) పెద్దావిడ ఈయన గుసగుస కనిపెట్టి, కుప్పలోంచి ఒక చేప తీసి పైకెత్తి, ఇదేమిటో చెప్పమన్నట్టు కనుబొమలు ఎగరేసింది. మా నాన్న “కనగుర్త” అన్నారు. ఆమె “బాంగ్‌డా” అంది. తరువాత ఒకటి ఆమె ఎత్తడం, ఒకటి ఈయన చెప్పడం, అలా వంజరం సుర్మయి అయింది, చందువ పాప్లెట్ అయింది. ఇద్దరి మధ్య ఒక్క వాక్యం కూడా నడవలేదు, చేపల పేర్లు తప్ప. అరగంట గడిచింది. మా నాన్న అంత సంతోషంగా ఉండగా నేను చూసి చాలా కాలమయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది ఆయనకు నేను ఆ రాత్రి చెప్పాను. ఆ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో దొరికిన రెండు వందల రకాల చేపలకు బొమ్మలు వేయించి, మన జాలర్లు చెప్పిన పేర్లతో సహా 1803లో పుస్తకంగా అచ్చు వేయించాడు. 1816లో క్యూవియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ చేపకు శాస్త్రీయ నామం పెడుతూ ఆ తెలుగు పేరునే తీసుకున్నాడు. అంటే బాంగ్‌డా అని పిలిచే తీరంలో కూడా శాస్త్రం ప్రకారం అది కనగుర్తే. మా నాన్న విని, “మరి ఆవిడకు చెప్పి రావలసింది” అన్నారు.

వేటకు విరామం మనకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, వారికి జూన్ 1 నుంచి జూలై 31 వరకు. రెండూ అరవై ఒక్క రోజులే. వారు శ్రావణ పూర్ణిమ నాడు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి మళ్ళీ పడవలు దింపుతారు. ఈసారి మే నెలలో, మా పడవ ఒడ్డున ఉన్న రోజుల్లో, వారి పాట చూడడానికి మళ్ళీ తీసుకుపొమ్మంటున్నారు. కోటకు మాత్రం రానని ముందే చెప్పారు.


రాగిచెంబు | మార్చి 23, రాత్రి 9:40

గణపతిపులెలో కొండ మొత్తాన్నీ స్వామిగా భావించి, దాని చుట్టూ కిలోమీటరు దారిలో ప్రదక్షిణ చేస్తారు. గుడిలో వరుస పెద్దదిగా ఉందని నేను ముందు ప్రదక్షిణకు పోయాను. జాంభా రాయి అని వారు పిలిచే ఎర్రరాతి బాట, ఒకవైపు చెట్లనీడ, ఒకవైపు అలల చప్పుడు. ఎండ పడిన చోట పరుగెత్తి, నీడ పడిన చోట ఆగి, అరికాళ్ళు చల్లార్చుకుంటూ తిరిగాను. దర్శనం తరువాత మళ్ళీ ఒకసారి తిరిగాను, ఈసారి మొక్కు కోసం కాదు.


కొరంగి మనవడు | మార్చి 24, ఉదయం 8:12

దివిసీమ గారు థీబా భవనానికి టిక్కు పెట్టి వచ్చేశానన్నారు, నాకు అది చాలదు. బర్మా చివరి రాజు థీబాను ఇంగ్లీషువారు 1885లో గద్దె దింపి, మరుసటి ఏడాది రత్నగిరికి తెచ్చి ఉంచారు. ఆ భవనం 1910కి గానీ పూర్తి కాలేదు, 1916లో ఆయన అక్కడే పోయారు. మా తాతగారు కాకినాడ దగ్గర నుంచి రంగూను పోయి బియ్యం మిల్లులో పనిచేసి, 1942లో అందరితోపాటు కాలినడకన తిరిగి వచ్చినవారు. కోరంగి రేవు నుంచి పడవలెక్కినందున మనవాళ్ళను అక్కడ కొరంగీలు అనేవారు. మన ఊరి కూలీలు ఆయన దేశానికి పోతుంటే ఆ దేశపు రాజు పరాయి ఒడ్డున కూర్చున్నాడన్న ఆలోచనతోనే వెళ్ళాను, నిజం చెప్పాలంటే సంతోషం కోసం వెళ్ళలేదు.

గదులు చాలావరకు ఖాళీ. పైఅంతస్తులో ఒక కిటికీ దగ్గర నిలబడ్డాను. దూరంగా భాట్యే ఖాడీ (సముద్రపు పాయ), దాని అవతల సముద్రం, గాలి. భవనం కాపలాదారు వచ్చి, నేను చాలాసేపటి నుంచి నిలబడి ఉండడం చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంకొక రెక్క కూడా తెరిచి గడియ పెట్టి పోయాడు. బర్మా ఆ దిక్కున లేదని, వెనకవైపు ఉందని నాకు అప్పుడు తట్టింది. ఆ గాలి మాత్రం చాలా బాగుంది.


సరుగుడు తోట | మార్చి 24, ఉదయం 11:35

బాంకోట్ దాటగానే వేళాస్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ 2002 నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లను కాపాడి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. ఊరివారి ఇళ్ళలోనే బస. తెల్లవారి ఆరున్నరకు అందరం తాడు కట్టిన గీత వెనక నిలబడ్డాము. గుడ్లు పాతిన చోట్ల మీద వెదురు బుట్టలు బోర్లించి ఉన్నాయి. ఒక్కొక్కటే ఎత్తి చూశారు. మొదటి బుట్ట ఖాళీ, రెండోది ఖాళీ. ఆరో బుట్ట కింద ఒకే ఒక్క పిల్ల ఉంది, బిస్కెట్టు కన్నా చిన్నది, నల్లగా.

నీటికి దూరంగా ఇసుక మీద వదిలారు. దాదాపు వంద మందిమి ఉన్నాము, పసిపిల్లలతో సహా ఎవరూ మాట్లాడలేదు. నాలుగు అడుగులు వేయడం, ఆగడం, మళ్ళీ నాలుగు అడుగులు. అల అంచు తాకి వెనక్కి దొర్లించింది, వెల్లకిలా పడింది, సర్దుకుంది. మూడో అలకు వెళ్ళిపోయింది. పట్టిన సమయం పదిహేను నిమిషాలు. ఒక్క తాబేలు కోసం అయిదు వందల మైళ్ళు వచ్చామా అని మా తమ్ముడు గొణిగాడు, సాయంత్రం బుట్టలు ఎత్తే వేళకు అందరికన్నా ముందు వెళ్ళి తాడు దగ్గర నిలబడ్డది వాడే.

ఒడ్డున ఒక్కడు గారు అడగకముందే చెబుతున్నాను, ఇవే తాబేళ్ళు మన కృష్ణా ముఖద్వారం ఇసుకలోనూ, విశాఖ ఒడ్డునా గుడ్లు పెడతాయి, అటవీశాఖవారు అక్కడా పిల్లలను వదులుతారు.


ఒడ్డున ఒక్కడు | మార్చి 24, మధ్యాహ్నం 12:10

అడగబోతున్నాను, ఆగాను. భీమిలి వల గారి నాన్నగారు “కనగుర్త” అన్న దగ్గర నా వాదన చాలావరకు జారిపోయింది, ఒప్పుకుంటున్నాను. ఒక్క సందేహం. దివిసీమ గారి మేనత్తగారు గోముఖం దగ్గర పట్టిన సీసా ఏమయింది? ఆ సంగతి మధ్యలో వదిలేశారు.


దివిసీమ | మార్చి 24, రాత్రి 9:25

బల్లకట్టు నడిమధ్యకు వచ్చినప్పుడు మేనత్త సీసా మూత తీసి, కమ్మీ మీదుగా వంగి, సగం నీళ్ళు సావిత్రిలో పోసింది. మోటారు సైకిలు కుర్రవాడు ఎందుకని సైగ చేశాడు. మా ఇంటావిడ తనకు వచ్చిన హిందీలో, ఆమె ఈ నదికి చెల్లెలి కబురు తెచ్చిందని చెప్పింది. అతను నవ్వకుండా, ఎంతో సహజమైన విషయం విన్నట్టు తల ఊపి, ఆమె తూలిపోకుండా మోచేయి పట్టుకుని నిలబడ్డాడు.

మిగతా సగం హంసలదీవిలో పోయాలట. సీసా నెల నుంచీ దేవుడి గూట్లోనే ఉంది. నిన్న రాత్రి ఠాణే తెలుగు గారు రాసినది చదివి వినిపించాను. ఆదివారం వెళదామా అని ఈరోజు అడిగితే, “ముందు పోటు ఎప్పుడో కనుక్కో, నీళ్ళు లోపలికి వచ్చే వేళ పోస్తే మళ్ళీ వెనక్కే తెస్తాయి” అంది. సంగమం దగ్గర జాలరి పాలేనికి ఫోను చేసి ఆటు వేళ కనుక్కున్నాను. తెల్లవారుజామున అయిదున్నరకట. మాస్టారి తిరగేసిన ప్రయోగానికి కూడా సరిపోతుంది, కనుక దుప్పటి ఒకటి తీసుకుపోతున్నాను.